మొక్కని మొక్కు

చట్నీలో వెంట్రుక కనబడితే కిష్టవ్వ దాన్ని తీసి పక్కన పడేసే మనిషి కాదు. రెండు వేళ్లతో పట్టి, ఎండకు ఎత్తి, అదెంత పొడుగుందో బెంచీల మీద ఉన్న వాళ్లందరూ చూసేదాకా చెయ్యి దించలేదు.

"ఏమే యశోదా, ఇది ఎవరిదే? నాదైతే తెల్లగుంటది. నీది పొట్టి. మీ ఆయనకు ఉన్నయే నాలుగు."

అందరూ నవ్వారు. పూరీలు వేయిస్తున్న ఆమె భర్త బిక్షపతి కూడా ఏం చెయ్యాలో తెలియక నవ్వాడు. యశోద గబగబా వచ్చి ప్లేటు తీసుకుంది.

"గాలికొచ్చి పడ్డట్టుంది పెద్దమ్మా. వేరే పెడ్త, జర ఆగు."

"గాలికా? మొన్న గూడ గాలికే వచ్చింది. మీ గాలికి మస్తు జడ ఉన్నట్టుందే!"

మళ్లీ నవ్వారు. వెనకాల నీళ్ల డ్రమ్ము చాటున గ్లాసులు కడుగుతున్న కూతురు రజని చున్నీని నుదుటి దాకా లాక్కుంది. తలకు గట్టిగా కట్టుకుని, పిన్నులు కూడా పెట్టుకుంది. అయినా ఎట్లా రాలుతున్నాయో, ఎక్కడి నుంచి జారుతున్నాయో ఆ పిల్లకే తెలియడం లేదు. దిండు మీద, అన్నంలో, పుస్తకం మధ్యలో, ఎక్కడ చూసినా వెంట్రుకలే.

కిష్టవ్వ చూపు నీళ్ల డ్రమ్ము వైపు తిరిగింది. అది యశోద చూసింది. ఆ చూపు చున్నీ మీద ఆగేలోపు ఏదో ఒకటి అనాలి. యశోద నోటికి వచ్చింది అనేసింది.

"మొక్కుంది పెద్దమ్మా. రేపే ఏడుపాయల దుర్గమ్మ గుడికి పోతున్నం. రజని తలనీలాలు ఇస్తది. అందుకే దువ్వుతలేదు, చిక్కు పడి రాలుతున్నయి."

"ఏం మొక్కే?"

"వాళ్ల నాయిన మీద నూనె పడేదుండె. దుర్గమ్మ తల్లి తప్పించింది. అప్పుడు మొక్కిన."

బిక్షపతి తన చేతులు ఒకసారి చూసుకున్నాడు. అట్లా తప్పిన గండమేదీ అతనికి గుర్తు లేదు.

"మొగనికి గండం తప్పితే బిడ్డ జుట్టు మొక్కినవా? నీ జుట్టేం పాపం చేసింది?"

"ఏమో పెద్దమ్మా, కల అట్ల వచ్చింది."

కిష్టవ్వ కొత్త ప్లేటులోని ఇడ్లీ తుంచింది. "మంచిగున్నది. అయితే నేను గూడ వస్త. ఆటోల జాగ ఉంటది గదా?"

"ఉంటది పెద్దమ్మా," అంది యశోద.

మెదక్ బస్టాండు పక్క సందులో వాళ్ల టిఫిన్ సెంటర్ పెట్టి ఎనిమిదేళ్లయింది. రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు, రెండు పొయ్యిలు. పొద్దున ఆరింటికల్లా డ్రైవర్లు, కండక్టర్లు, బడి సార్లు, కోర్టు పనికొచ్చిన వాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. యశోద చెయ్యి శుభ్రం అని సందులో పేరు. ఆ పేరే వాళ్ల పొలం, వాళ్ల ఇల్లు, వాళ్ల కూతురి ఇంటర్ బైపీసీ చదువు.

నాలుగు నెలల కిందట రజని మెడ పక్కన చింతగింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు. అది నిమ్మకాయంత అయ్యేలోపు పిల్ల సగం చిక్కిపోయింది. రాత్రిళ్లు బట్టలు పిండుకునేంత చెమట, ఒళ్లంతా దురద. చివరికి హైదరాబాదు పెద్ద దవాఖానలో ఆ గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేశారు. లింఫోమా అన్నారు.

డాక్టరమ్మ చిన్న వయసుదే. యశోదను పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పింది. ఒంట్లో రక్తం పారే దారులు ఉన్నట్టే, తేటనీళ్ల లాంటి ద్రవం పారే సన్నని దారులు ఇంకొన్ని ఉంటాయి. ఆ దారిలో అక్కడక్కడా, మెడలో, చంకల్లో, గజ్జల్లో, ఛాతీలో, చిక్కుడుగింజల్లాంటి గ్రంథులు ఉంటాయి. ఒంట్లోకి వచ్చిన క్రిముల్ని అవి అక్కడే పట్టి ఆపుతాయి. ఆ కాపలా కణాల్లోనే ఒక రకం దారి తప్పి, అదుపు లేకుండా పెరగడమే ఈ జబ్బు. ఇది క్యాన్సరే. కానీ ఇందులో చాలా రకాలున్నాయి. రజనికి వచ్చింది హాడ్జ్‌కిన్ రకం. ఈ వయసు పిల్లల్లో పదిమందికి వస్తే ఎనిమిది తొమ్మిది మంది పూర్తిగా బాగైపోతారు, చదువుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, పిల్లల్ని కంటారు.

"పదిహేను రోజులకు ఒకసారి, పన్నెండు సార్లు సూది మందు ఎక్కిస్తాం. ఒక్కటి కూడా తప్పొద్దు. నాలుగు అయ్యాక స్కాన్ తీసి, మందు పనిచేస్తోందా లేదా చూస్తాం," అంది.

యశోద ఒక్కటే అడిగింది. "ఇది అంటుకుంటదా అమ్మా?"

"అంటుకోదు. పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా అంటుకోదు."

ఈ మాట యశోద నమ్మింది. సందు నమ్ముతుందని మాత్రం నమ్మలేదు. మూడేళ్ల కిందట వాళ్ల షెడ్డుకు ఎదురుగానే కరుణాకర్ మిర్చి బజ్జీల బండి ఉండేది. అతని భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. బండి ముందుకు వచ్చే సరికి జనం రోడ్డుకు అవతలి పక్క నడిచేవాళ్లు, అంతే. రోజంతా నూనె కాగి కాగి నల్లబడేది. నెల తిరక్కుండానే కరుణాకర్ బండి తోసుకుని తూప్రాన్ వెళ్లిపోయాడు. ఆమె సంగతి సందులో మొదట చెప్పింది కిష్టవ్వే.

అందుకే యశోద, బిక్షపతి ఒక మాట అనుకున్నారు. రజనికి రక్తం తక్కువుంది, హైదరాబాదులో బలం సూదులు వేయిస్తున్నాం. అడిగిన వాళ్లందరికీ ఇదే.

నాలుగు సూదులు అయ్యాయి. గడ్డ చేతికి తగలడం మానేసింది. దురద పోయింది. జుట్టు మాత్రం రెండో సూది నుంచే రాలడం మొదలుపెట్టింది. శుక్రవారం స్కాన్‌కు వెళ్లినప్పుడు నర్సు రక్త పరీక్ష కాగితం చూసి యశోదను పక్కకు పిలిచింది.

"అమ్మా, తెల్లకణాలు బాగా పడిపోయినయి. మందుకు చెడ్డ కణం, మంచి కణం తేడా తెల్వదు, రెంటినీ చంపుతది. మళ్లా పెరిగేదాక పాపకు క్రిముల్ని ఆపే బలం ఉండదు. గుంపులకు తీస్కపోవద్దు. చెరువు నీళ్లు, వాగు నీళ్లు తగలొద్దు. చర్మం తెగొద్దు. జ్వరం నూరు దాటిందా, మాత్ర ఏసి ఇంట్ల పండుకోబెట్టొద్దు. దగ్గర ఏ దవాఖాన ఉంటే ఆ దవాఖానకు ఉరకాలె. పోంగనే మొదటి మాట కీమో నడుస్తుందని చెప్పాలె. సమజైందా? మొదటి మాట."

"సమజైంది బిడ్డా," అంది యశోద.

ఆ మరునాడే చట్నీలో వెంట్రుక.

సెంటర్ మూసి, వెనకనే ఉన్న ఇంట్లోకి వచ్చాక రజని తల్లి ముందు నిలబడింది. నిలబడిందంటే చెప్పడానికేదో ఉందని అర్థం. ఆ పిల్లకు మాట బయటికి రావడానికి అంతసేపు పడుతుంది.

"అమ్మా, తెగొద్దన్నరు గదా. నాయిన ట్రిమ్మర్ ఉంది. ఇంట్లనే తీస్కుంట."

"ఇంట్ల తీస్తే రోగమంటరు. గుళ్లె తీస్తే మొక్కంటరు," అంది యశోద.

బిక్షపతి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "గురువారం ఐదో సూది ఉంది గదనే. ఆ రోజు రక్తం చూస్తరు. మంచిగుంటే వచ్చే ఆదివారం పోదాం."

"వచ్చే ఆదివారం దాక ఆ కిష్టవ్వ నోరు ఆగుతదా? రేపు అని చెప్పిన. పోకుంటే ఎందుకు పోలేదని అడుగదా? ఇంకో వెంట్రుక దొరికితే ఏం చెప్తవ్? నువ్వేమో నవ్వుకుంట నిలబడ్తవ్."

ఒక మాట రెండోసారి చెప్పే అలవాటు రజనికి లేదు. యశోద కూతురి గడ్డం పట్టుకుంది. "ఒక్క పూట బిడ్డా. పొద్దున పోయి మధ్యాహ్నం వస్తం. అమ్మవారి కాడికి పోతే ఎవరికన్న చెడు అయితదా?"

ఆదివారం ఏడుపాయలలో కాలు పెట్టే చోటు లేదు. బండల మీద పొయ్యిలు, పొగ, డప్పులు, మేకల అరుపులు. మంజీర పాయల్లో పిల్లలు దుముకుతున్నారు. మంగలి కొత్త బ్లేడు కాగితం విప్పి, సగానికి విరిచి, కత్తికి పెట్టాడు. రజని చున్నీ తీసింది. తల మీద జుట్టు ఎండిన గడ్డిలా అక్కడక్కడా ఉంది.

"ఏంది పిల్లా, సగం ముందే ఇచ్చి వచ్చినట్టున్నవ్?" అన్నాడు మంగలి.

కిష్టవ్వ వంగి చూసింది. యశోద మధ్యలోకి వచ్చింది. "టైఫాయిడ్ వచ్చిందన్నా మొన్న. అప్పుడు పోయింది."

సూదుల మూలంగా తల పుండులా ఉంది. బ్లేడు తగిలినప్పుడల్లా రజని ఉలిక్కిపడేది. కదలకు బిడ్డా, కదలకు అంటూనే ఉన్నాడు మంగలి. చెవి వెనక ఒకటి, నడినెత్తిన ఒకటి, రెండు చోట్ల నెత్తురు చుక్కలు పొడిచాయి. చీమ కుట్టినంత. యశోద వాటిని చీర కొంగుతో అద్దింది. తర్వాత కూతురి చెయ్యి పట్టి నీళ్లలోకి దింపి, కిష్టవ్వ చూస్తుండగా మూడు మునకలు వేయించింది. ఒడ్డుకు తెచ్చి, ఆ నీళ్లతోనే పసుపు తడిపి, తలంతా రుద్దింది.

"ఇప్పుడు అమ్మవారి బిడ్డ లెక్కున్నది," అంది కిష్టవ్వ.

ఎవరో ముసలామె వచ్చి రజని గుండుకు దండం పెట్టి వెళ్లింది. రెండు నెలల తర్వాత మొదటిసారి యశోద గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇక దాచడానికి ఏమీ లేదు అనిపించింది. రజని తడి బట్టల్లో వణుకుతూ తన గుండు నిమురుకుంటోంది.

"చలిగుందమ్మా."

"ఎండల నిలబడు, పోతది."

సోమవారం రజని చున్నీ లేకుండా బెంచీల మధ్య తిరిగింది. కండక్టర్లు గుండు మీద టక్‌మని కొట్టి నవ్వారు. "ఏం రజనమ్మా, కొబ్బరికాయ కొట్టాల్నా?" అన్నాడు బడిలో అటెండరు శశిధర్. రజని తల వంచుకుని నవ్వింది. చట్నీలో ఏమీ పడలేదు. యశోద ఆ రోజు రెండు గిన్నెల పిండి ఎక్కువ కలిపింది.

మంగళవారం తెల్లవారి రజని లేవలేదు. దుప్పట్లో ముడుచుకుని వణుకుతోంది. థర్మామీటరు పెడితే నూటొకటి. యశోద కాసేపు థర్మామీటరును, కాసేపు పొంగుతున్న పిండిని చూసింది. బయట బెంచీల మీద అప్పటికే మనుషులు కూర్చున్నారు. ఒక్క గంట, రద్దీ తగ్గగానే తీసుకుపోతా అనుకుంది. జ్వరం మాత్ర ఒకటి నోట్లో వేసి నీళ్లు తాగించింది. జ్వరం దిగింది. మంచిగైంది అనుకుంది. పదింటికి వచ్చి చూస్తే నూట మూడు. చెవి వెనక గాటు చుట్టూ ఎర్రగా, గట్టిగా, వేడిగా ఉంది.

ఇడ్లీ తింటున్న కిష్టవ్వ సంగతి విని ప్లేటు అక్కడే పెట్టేసింది. "ఇంకేం చూస్తున్నవే? నడువు. నేను పట్టుకుంట, నువ్వు ఆటో ఆపు."

"నువ్వెందుకు పెద్దమ్మా, మేం పోతం..."

"నీ మొగడు పొయ్యి కాడ ఉండె. ఒక్కదానివి ఎట్ల మోస్తవ్? మాటలు ఆపు."

ఊళ్లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లారు. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రవాడు. బీపీ చూస్తూ అడిగాడు. "ఇంతకు ముందు నుంచి ఏమైనా జబ్బు ఉందా? మందులేమైనా వాడుతున్నారా?"

మొదటి మాట. నర్సు చెప్పిన మొదటి మాట యశోద గొంతు దాకా వచ్చింది. మంచానికి అవతలి పక్క కిష్టవ్వ, రజని చెప్పులు చేతిలో పట్టుకుని, డాక్టరు ముఖమే చూస్తూ నిలబడి ఉంది.

"ఏం లేదు సార్," అంది యశోద. "మొన్న ఏడుపాయల మొక్కు తీర్చినం. నీళ్లల్ల మునిగింది. అప్పట్నుంచే."

రజని కళ్లు తెరిచింది. పెదాలు ఎండి అంటుకుపోయాయి. "సార్... నాకు..." అంది.

యశోద తడిగుడ్డతో ఆ పెదాలు తుడిచింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. తుడుస్తూనే ఉంది. "మాట్లాడకు బిడ్డా. పండుకో. నేను చెప్తున్న గదా."

రజని తల్లి కళ్లలోకి చూసింది. మళ్లీ కళ్లు మూసుకుంది.

వైరల్ జ్వరంలా ఉంది, సెలైన్ పెడదాం, రక్తం పరీక్షకు పంపుదాం అన్నాడు డాక్టరు. పరీక్ష కాగితం మధ్యాహ్నానికి వస్తుందన్నారు. కిష్టవ్వ కదల్లేదు. స్టూలు లాక్కుని కూర్చుని రజని పాదాలు రుద్దింది. పాదాలు చల్లగా ఉన్నాయని రెండుసార్లు అంది. యశోద గోడ గడియారం చూసింది. కిష్టవ్వ పోతే చెబుదాం. పదకొండున్నర. పన్నెండు. కిష్టవ్వ బయటికి పోయి చాయ్ తెచ్చింది. తెచ్చేలోపు యశోద లేచి డాక్టరు గది దాకా పోయింది, గది ముందు మనుషులున్నారు, తిరిగి వస్తుంటే కిష్టవ్వ చాయ్‌తో ఎదురైంది. ఒంటిగంట. రజని మాటకు జవాబివ్వడం మానేసింది. నిద్రపోతుంది, మంచిదే అంది కిష్టవ్వ.

రెండింటికి మనవరాలిని బడి నుంచి తేవాలని కిష్టవ్వ లేచింది. ఆమె చీర అంచు మెట్ల మలుపు దాటిందో లేదో, యశోద డాక్టరు గదిలోకి ఉరికింది.

"సార్, నా బిడ్డకు క్యాన్సరుంది సార్. లింఫోమా. కీమో నడుస్తుంది. నాలుగు సూదులైనయి."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. అప్పుడే వచ్చిన రక్త పరీక్ష కాగితం అతని చేతిలోనే ఉంది. "పొద్దున్నే ఎందుకు చెప్పలేదమ్మా? అడిగాను కదా! నిన్ను అడిగాను కదా!"

హైదరాబాదు పోతున్న అంబులెన్సు తూప్రాన్ దాటేసరికి రజనికి స్పృహ లేదు.

పెద్ద దవాఖానలో గొట్టాలు పెట్టారు. డాక్టరమ్మ రజని తలను ఇటూ అటూ తిప్పి చూసింది. పసుపు ఇంకా చర్మపు గీతల్లో ఉంది. నడినెత్తిన గాటులోంచి చీము కారుతోంది. "ఎవరు గీశారు ఇది?" అంది. బిక్షపతి నేల చూశాడు. యశోద నేల చూసింది.

గురువారం ఐదో సూది పడాల్సిన రోజు. ఆ రోజే స్కాన్ రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. మొదటి దాంట్లో మెడ, ఛాతీ నిండా నిప్పుకణికల్లా మచ్చలు. రెండోదాంట్లో ఒక్కటి కూడా లేదు.

"పాతది ఇది. శుక్రవారం తీసింది ఇది," అంది. "మందు మేం అనుకున్న దానికన్నా బాగా పనిచేసింది. ఎక్కడా జబ్బు కనబడటం లేదు. మిగిలిన సూదులు పూర్తిచేస్తే సరిపోయేది." బొమ్మలు పక్కకు జరిపింది. "ఇప్పుడు ఉన్నది జబ్బు కాదమ్మా. రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్. కిడ్నీలు పనిచేయడం లేదు."

బిక్షపతి బొమ్మ మీద వేలు పెట్టి, "అంటే పోయింది గదా అమ్మా, రోగం పోయింది గదా," అని మళ్లీ మళ్లీ అడిగాడు. పోయింది అని డాక్టరమ్మ అడిగినన్ని సార్లూ చెప్పింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి రజని చనిపోయింది.

మూడో రోజు ఇంటి ముందు టెంటు కింద సందంతా కూర్చుంది. దుర్గమ్మ తన దగ్గరికే పిలుచుకుందని ఒకామె అంటోంది. మొక్కు ఆలస్యం చేసినందుకే అని ఇంకొకామె చిన్నగా అంటోంది. యశోద అవి వింటూ కూర్చుంది. విని విని, ఉన్నట్టుండి తలెత్తింది.

"మొక్కు లేదు, ఏం లేదు. అబద్ధం చెప్పిన. నా బిడ్డకు క్యాన్సరుండె. సూదులకు జుట్టు రాలితే, మీరెవ్వరు మా కాడ తినరని గుండు కొట్టిచ్చిన."

టెంటు కింద ఎవరూ కదల్లేదు. ఎవరూ బుగ్గలు నొక్కుకోలేదు. పక్కన కూర్చున్న కిష్టవ్వ యశోద వీపు మీద చెయ్యి వేసింది.

"ఎర్కనే బిడ్డా."

యశోద ఆమె ముఖంలోకి చూసింది.

"మా అక్క కొడుకు శ్రీకాంత్ లేడా, హైదరాబాదుల ఆ పెద్ద దవాఖాన గేటు కాడనే ఆటో పెడ్తడు. మీరు మొదటి సూదికి పోయిన నాడే చూసి, ఏం సూదో లోపల అడిగి తెల్సుకున్నడు. నేనే నలుగురికి చెప్పిన. బజారంత ఎర్కనే."

"మరి... ఎర్కుండి గూడ మా కాడ తినుకుంట..."

"అంటుకోదని పోరడు చెప్పిండు. నమ్మినమా అంటే, ఏమో. నీ ఇడ్లీ ఇడిసి ఏడికి పోతం?"

యశోద కిష్టవ్వ వైపు తిరిగింది. "దవాఖానల మంచం పక్కన్నే ఉంటివి గదా పెద్దమ్మా. డాక్టరు అడిగె గదా. ఎందుకు చెప్పలే?"

కిష్టవ్వ చెయ్యి వీపు మీద ఆగిపోయింది. "నువ్వు తల్లివైతివి. నువ్వే లేదంటే నేను ఉన్నదని ఎట్లంట? నీ పరువు తియ్యాల్నా? తర్వాత చాటుకు పోయి చెప్పినవనుకున్న. డాక్టరు గది దాక పోయి వచ్చినవ్ గదా."

యశోద టెంటు కింద ఒక్కొక్కరినీ చూసింది. కండక్టర్లు, కోర్టు గుమాస్తా, కూరగాయలమ్మే రాజమణి. రెండు నెలలుగా తన చేతి తిండి తిన్న ముఖాలు. చివరికి శశిధర్ కనబడ్డాడు. అతడు దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, మెల్లగా వంగాడు.

"వదినా, ఇప్పుడు అడుగొద్దు గాని... సెంటర్ ఎప్పుడు తెరుస్తరు? పొద్దుపొద్దున తిండికి మస్తు పరేశాన్ అయితుంది మాకు."

"నీకు గూడ ఎర్కనా శశీ?"

"ఎర్కనే వదినా," అన్నాడు శశిధర్.